పెద్ద నిర్మాణ సైట్లలో సేఫ్టీ అడ్వైజర్ పని: తిరుపతి, చిత్తూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చిత్తూరు జిల్లా మీదుగా వెళ్తోంది. సత్యవేడు పక్కన శ్రీసిటీలో ఫ్యాక్టరీ షెడ్లు లేస్తూనే ఉన్నాయి. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ క్యాంపస్‌లు వచ్చాయి. తిరుపతి ఊళ్లోనే ఫ్లైఓవర్, రైల్వే స్టేషన్ పనులు జరిగాయి. అందుకే ఈ చుట్టుపక్కల సివిల్ డిప్లొమా, బీటెక్ చేసినవాళ్లు సేఫ్టీ ఉద్యోగాల గురించి ఎక్కువగా అడుగుతున్నారు. వాళ్లతోపాటు, కొత్తగా సైట్లో చేరినవాళ్లు అడిగే ప్రశ్నలకు కూడా ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

సేఫ్టీ ఆఫీసర్, సేఫ్టీ అడ్వైజర్ ఒకటేనా?

చాలా సైట్లలో రెండు పేర్లూ కలిపి వాడేస్తారు. పనిలో మాత్రం తేడా ఉంది. సేఫ్టీ ఆఫీసర్ మామూలుగా కాంట్రాక్టర్ మనిషి. చట్టం పెట్టమన్న పోస్టు అది. అడ్వైజర్ ఎక్కువగా ప్రాజెక్టు యజమాని తరఫునో, కన్సల్టెంట్ తరఫునో వస్తారు. మేస్త్రీకి, క్రేన్ ఆపరేటర్‌కు నేరుగా పని చెప్పే అధికారం ఆయనకు ఉండదు. అందుకని ఆయన మాట ముందురోజు సాయంత్రమే ప్లానింగ్ మీటింగ్‌లో పడాలి. కాంక్రీటు బండి గేటు దగ్గరికి వచ్చాక చెప్పే సలహాను ఎవరూ వినరు, వినే స్థితిలో కూడా ఉండరు.

చట్టం ప్రకారం ఎంతమంది కూలీలకు ఒక సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి?

1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం 500 మంది, అంతకు మించి పనిచేసే చోట సేఫ్టీ కమిటీ, సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సి ఉండేది. 1998 కేంద్ర నిబంధనల లెక్క ఇలా ఉంది: 1,000 మంది వరకు ఒకరు, 2,000 వరకు ఇద్దరు, 5,000 వరకు ముగ్గురు, 10,000 వరకు నలుగురు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ నిర్మాణ పనుల్లో సేఫ్టీ ఆఫీసర్‌కు ఆ 500ను 250కి తగ్గించింది. సబ్ కాంట్రాక్టర్ల కూలీలను విడివిడిగా లెక్కేసి "మా దగ్గర 200 మందే" అనడం మామూలు. గేటు రిజిస్టర్‌లోని మొత్తం సంఖ్య అడగండి.

ఏ చదువు కావాలి? నెబోష్ ఒక్కటి ఉంటే చాలదా?

1998 నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే సూపర్‌వైజర్ స్థాయిలో రెండేళ్ల నిర్మాణ అనుభవం, డిప్లొమా ఉంటే ఐదేళ్లు. దానిమీద ఇండస్ట్రియల్ సేఫ్టీలో గుర్తింపు పొందిన డిగ్రీ లేదా డిప్లొమా, అందులో నిర్మాణ భద్రత ఒక పేపర్‌గా ఉండాలి. మనకు దగ్గర్లో చెన్నై తరమణిలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అది కేంద్ర కార్మిక శాఖ కింది సంస్థ.

నెబోష్ బ్రిటన్ సర్టిఫికెట్. గల్ఫ్ ఉద్యోగాలకు, పెద్ద కంపెనీల ఇంటర్వ్యూలకు పనికొస్తుంది. మన చట్టం అడిగే డిప్లొమాకు అది బదులు కాదు. పది రోజుల్లో "సేఫ్టీ డిప్లొమా" చేతిలో పెడతామనే కోచింగ్ సెంటర్లకు డబ్బు కట్టే ముందు, ఆ సర్టిఫికెట్‌ను ఏ బోర్డు ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి.

తెలుగు వస్తే సరిపోతుందా?

సరిపోదు. కూలీల్లో ఎక్కువమంది మాట్లాడే భాష సేఫ్టీ ఆఫీసర్‌కు తెలిసి ఉండాలని నిబంధనల్లోనే ఉంది. ఇక్కడి సైట్లలో బార్ బెండింగ్ (కమ్మీలు వంచే), సెంట్రింగ్ (స్లాబ్ అచ్చు కట్టే) గ్యాంగులు చాలావరకు బీహార్, జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ నుంచి వస్తాయి. సత్యవేడు, నగరి, చిత్తూరు వైపు తమిళం మాట్లాడేవాళ్లు ఎక్కువ. హిందీలో ఓ యాభై మాటలు, తమిళంలో ఓ ముప్పై మాటలు ముందుగా నేర్చుకోండి: ఆగు, వెనక్కి రా, హుక్ తగిలించు, కింద మనిషి ఉన్నాడు, కరెంటు ఉంది. పొద్దున టూల్ బాక్స్ టాక్ (పని మొదలయ్యే ముందు చెప్పే భద్రత మాటలు) అయ్యాక ఒక కూలీని "ఇప్పుడు ఏం చెప్పాను?" అని అడగండి. తల ఊపితే అర్థమైనట్టు కాదు. వాళ్ల మాటల్లో వాళ్లు తిరిగి చెప్పాలి.

ఈ వైపు నేల గట్టిది కదా, గుంతలు తవ్వితే కూలుతాయా?

ఈ ధైర్యమే ప్రాణాలు తీస్తోంది. ఎర్ర గరప నేల ఎండాకాలంలో మూడు మీటర్లు నిలువుగా తవ్వినా గోడలా నిలబడుతుంది. అది గట్టిదనం కాదు, మట్టి రేణువుల మధ్య ఉన్న కాస్త తేమ పట్టు. అది పూర్తిగా ఎండినా వదులుతుంది, వాన పడి నిండినా వదులుతుంది.

గుంత అంచుకు సమాంతరంగా, కాస్త వెనకగా, సన్నని నెర్రె కోసం చూడండి. వెంట్రుకంత ఉన్నా సరే, అదే మొదటి కబురు. నెర్రెకు రెండు పక్కలా రెండు మేకులు దిగేసి మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోండి. రెండు గంటల తర్వాత మళ్లీ కొలవండి. 2 మి.మీ. పెరిగినా లోపలున్న మనుషుల్ని బయటికి పిలవండి. వాననీరు ఆ నెర్రెలోకి దిగితే లోపలినుంచి గోడను నెడుతుంది. పక్కనే టిప్పర్ తిరిగితే అదురుకు పెళ్ల విరిగి పడుతుంది.

పట్టుకోవాల్సిన కొలతలు ఇవి. లోతు 1.5 మీటర్లు దాటితే పక్కలు వాలుగా కోయాలి లేదా పలకలు, అడ్డ జాకీలతో ఆపు కట్టాలి. తీసిన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు లేదా గుంత లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం పోయాలి. 1.2 మీటర్లు దాటిన కందకంలో కనీసం 30 మీటర్లకు ఒక నిచ్చెన ఉండాలి, అది నేలమట్టానికి 90 సెం.మీ. పైకి రావాలి. 30 మీటర్లకు ఒకటంటే గోడ కదిలినప్పుడు మనిషి 15 మీటర్లు పరుగెత్తాలి. వీలైతే 15 మీటర్లకు ఒకటి వేయించండి.

వాలు ఎంత? గరప నేలలో లోతు ఎంతో వెనక్కి కూడా అంత. ఇసుక నేలలో, ముఖ్యంగా స్వర్ణముఖి ఒడ్డున, ఒకటిన్నర రెట్లు. 3 మీటర్ల లోతు, అడుగున 1 మీటరు వెడల్పు కావాలంటే గరప నేలలో పైన 7 మీటర్లు తవ్వాలి. తిరుపతి సందుల్లో డ్రైనేజీ పైపులైన్‌కు అంత జాగా ఉండదు. అలాంటప్పుడు ఆపు కట్టడం తప్ప దారి లేదు. ఆ ఖర్చు టెండర్‌లో ఉందో లేదో పని మొదలవకముందే చూడండి. అక్కడ లేకపోతే సైట్లో ఎవరూ సొంత డబ్బు పెట్టరు.

ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుపైనే బరువు. ఛాతీ వరకు కూరుకుపోతే తల బయట ఉన్నా ఊపిరి ఆడదు. తోటివాళ్లు వెంటనే దూకుతారు, రెండో పెళ్ల వాళ్లమీద పడుతుంది. అందుకే ఎవరూ దిగకూడదని, జేసీబీని అంచుకు తేకూడదని, 101కీ 108కీ ఎవరు ఫోన్ చేయాలో ముందే చెప్పి ఉంచాలి.

హార్నెస్ (ఒంటికి కట్టుకునే సేఫ్టీ బెల్టు) వేసుకుంటే పడినా ఏం కాదుగా?

ఎంత ఎత్తులో ఉన్నారన్నదాన్ని బట్టి. లెక్క చూడండి. తాడు 1.8 మీటర్లు. పడినప్పుడు షాక్ అబ్జార్బర్ విచ్చుకునేది గరిష్ఠంగా 1.75 మీటర్లు. వీపు మీది రింగు నుంచి పాదాల వరకు 1.5 మీటర్లు. కింద ఖాళీ కనీసం 1 మీటరు. మొత్తం 6 మీటర్ల పైచిలుకు. అంటే హుక్ తగిలించిన చోటు నుంచి కింద 6 మీటర్ల ఖాళీ లేకపోతే హార్నెస్ పట్టేలోపే మనిషి నేలను తాకుతాడు. మొదటి అంతస్తు సెంట్రింగ్ 3 మీటర్ల ఎత్తులో ఉంటే ఈ తాడు బొమ్మకే. అక్కడ రెయిలింగ్ కావాలి, లేదా పడగానే లాక్ అయ్యే రిట్రాక్టబుల్ బ్లాక్‌ను తలపైన కట్టాలి.

హుక్ ఎక్కడ తగిలిస్తున్నారో చూడండి. పరంజా అడ్డ పైపు, కట్టు తీగతో బిగించిన కమ్మీ, కరెంటు పైపు, ఇవేవీ మనిషి పడే ఊపును ఆపవు. రెండు హుక్‌లున్న తాడు ఇవ్వండి. జరిగేటప్పుడు ఒకటి తీస్తే రెండోది తగిలి ఉండాలి.

పడి వేలాడుతున్న మనిషిని ఎలా దించుతారు? సైట్లో సాధారణంగా దీనికి జవాబు ఉండదు. తొడల పట్టీలు రక్తాన్ని కాళ్లలోనే ఆపేస్తాయి, నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు. ఫైర్ ఇంజన్ వచ్చేదాకా ఆగే వీలు లేదు. మ్యాన్ బాస్కెట్టో (క్రేన్‌కు కట్టే మనుషుల బుట్ట), దించే తాడు కిట్టో, దానితో పాటు దాన్ని వాడి చూసిన ఇద్దరు మనుషులూ అదే షిఫ్టులో ఉండాలి.

స్లాబ్ పోస్తుంటే సెంట్రింగ్ ఎందుకు కూలుతుంది?

నాసిరకం సామాన్ల వల్ల మాత్రమే అనుకుంటారు. ఎక్కువసార్లు దూరాలు, ఎత్తు, అడుగు నేల, ఈ మూడు కలిసి ముంచుతాయి.

తడి కాంక్రీటు ఘనపు మీటరుకు దాదాపు 2,500 కిలోలు. 150 మి.మీ. స్లాబ్ చదరపు మీటరుకు 375 కిలోలు. పలకలు, మనుషులు, పంపు ఊపు కలిపితే 650 దాటుతుంది. జాకీలు (సెంట్రింగ్‌ను కిందనుంచి మోసే ఇనుప కాళ్లు) రెండు దిక్కులా మీటరుకొకటి ఉంటే ఒక్కోదాని మీద ఆ 650. జాకీలు తక్కువపడి 1.2 మీటర్లకు జరిపితే? 1.2ను 1.2తో హెచ్చించండి: 1.44. ఒక్కోదానిపై బరువు 44 శాతం పెరిగింది. కంటికి కనిపించిన తేడా ఒక జానెడు.

ఎత్తు ఇంకా మోసం చేస్తుంది. అదే పైపు, మధ్యలో పట్టు లేకుండా 3 మీటర్ల నుంచి 6 మీటర్లకు పొడుగైతే వంగకుండా మోసే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. మధ్యలో రెండు దిక్కులా అడ్డ పైపులు కట్టి, వాటిని కాలమ్‌లకు బిగిస్తే మళ్లీ నిలబడుతుంది. పోర్టికోలు, డబుల్ హైట్ హాళ్లు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే.

వంగి ఒక్కో జాకీ అడుగు చూడండి. కొత్తగా పూడ్చిన మట్టి మీద ఇటుక ముక్క పెట్టి నిలబెట్టారా? పక్క కాలమ్ క్యూరింగ్ నీళ్లు అక్కడికే పారుతున్నాయా? పొద్దున గట్టిగా ఉన్న నేల మధ్యాహ్నానికి మెత్తబడి ఒక జాకీ రెండు సెంటీమీటర్లు దిగితే, దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. అడుగున పలక గానీ చానెల్ గానీ వేయించండి. జాకీ పిన్నుల బదులు 8 ఎం.ఎం. కమ్మీ ముక్కలు దూర్చి ఉంటే పోత మొదలుపెట్టనివ్వకండి.

పోసేటప్పుడు బూమ్ పంప్ గొట్టం ఒకేచోట నిలిపితే ఒక ఘనపు మీటరు కుప్ప పడుతుంది. అంటే రెండున్నర టన్నులు నాలుగైదు జాకీల మీద. గొట్టం పట్టుకున్నవాళ్లకు ఈ సంగతి చెప్పి ఉంచండి.

విప్పే రోజులు ఐఎస్ 456లో (కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం) ఉన్నాయి: ఆధారాల మధ్య 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబ్ కింద జాకీలు 7 రోజులు, దాటితే 14. 6 మీటర్ల వరకు బీమ్ కింద 14, దాటితే 21. ఇవి మామూలు ఓపీసీ సిమెంటుకు. మన దగ్గర ఎక్కువగా వాడే పీపీసీకి (బూడిద కలిపిన సిమెంటు) ఇంకొన్ని రోజులు కలపాలి.

హైడ్రా, క్రేన్ దగ్గర ముఖ్యంగా ఏం చూడాలి?

హైడ్రా (బరువు ఎత్తి మోసుకెళ్లే చిన్న క్రేన్) మీద "12 టన్నులు" అని రాసి ఉంటే అది బూమ్ పూర్తిగా దగ్గరికి లాక్కున్నప్పటి మాట. చాచిన కొద్దీ శక్తి పడిపోతుంది. క్యాబిన్‌లో లోడ్ చార్ట్ లేకపోతే ఎత్తనివ్వద్దు.

స్లింగ్ (బరువును హుక్‌కు కట్టే తాడు) కోణం సంగతి మేస్త్రీలకు తెలియదు, తెలిసేలా చూపించాలి. 2 టన్నుల బరువును రెండు స్లింగులతో నిలువుగా ఎత్తితే ఒక్కోదానిపై 1 టన్ను. అడ్డంగా ఉన్న బరువుతో 45 డిగ్రీల కోణంలో అయితే 1.41 టన్నులు. 30 డిగ్రీలకు జారితే 2 టన్నులు. పొట్టి స్లింగు వాడితే ఒక్కోటి మొత్తం బరువును మోస్తోందన్నమాట. వైర్ రోప్‌లో దాని మందానికి ఎనిమిది రెట్ల పొడవులో పదో వంతు పోగులు తెగి కనిపిస్తే పక్కన పడేయాలి. మళ్లీ వాడకుండా అక్కడే కోయించండి.

హైడ్రాతో బరువు మోసుకెళ్లేటప్పుడు మనిషి దాన్ని చేత్తో పట్టుకుని ముందు నడవడం మన సైట్లలో రోజూ కనిపిస్తుంది. ఆపరేటర్‌కు బూమ్ అడ్డం, ఆ మనిషి కనిపించడు. రెండు పొడవాటి గైడ్ తాళ్లు కట్టించి పక్కనుంచి నడిపించండి.

కరెంటు విషయంలో?

ప్రతి బోర్డుకూ 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్). పొద్దునే టెస్ట్ బటన్ నొక్కించాలి. తడి వైబ్రేటర్ వల్ల అది పదేపదే పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తాడు. అందుకే బోర్డు తలుపు తెరిచి చూడాలి, బయటి స్టిక్కర్ చూస్తే సరిపోదు. పైన 11 కేవీ లైను ఉన్నచోట బూమ్ పంప్, టిప్పర్ బాడీ కనీసం 3 మీటర్ల దూరంలో ఆగాలి. తగిలితే డ్రైవర్ క్యాబిన్‌లోనే ఉండాలి, కిందివాళ్లు బండిని ముట్టకూడదు.

కొత్తగా కట్టిన సంపులో విషవాయువు ఎక్కడిది?

విషవాయువే ఉండక్కర్లేదు. మూతపెట్టిన సంపులో తడి సెంట్రింగ్ చెక్క కుళ్లుతూ ప్రాణవాయువును తినేస్తుంది. పలకలు విప్పడానికి దిగినవాడు రెండు ఊపిర్లకే పడిపోతాడు, తీయడానికి దిగినవాడూ అంతే. గ్యాస్ మీటర్‌ను తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున కొలవండి. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య, మండే వాయువు ఎల్‌ఈఎల్‌లో (అంటుకునే కనీస మోతాదు) 10 శాతం లోపు, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం లోపు ఉండాలి. బ్లోయర్ నడుస్తూనే ఉండాలి. పెట్రోలు మోటారును లోపలికి దించనివ్వకండి.

ఎండకూ వానకూ పని వేళలు మార్చాలా?

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దున 6 నుంచి 11, మళ్లీ మూడున్నర తర్వాత పని పెట్టించండి. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు. నీళ్ల డ్రమ్ము పనిచేసే అంతస్తులోనే ఉండాలి. కిందికి దిగిరావాలంటే తాగరు. ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి బాగా పనిచేస్తాయి. మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. 108 వచ్చేలోపు నీడలో తడిపి గాలి విసరాలి.

మన అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. 2021 నవంబర్‌లో తిరుపతి ఎలా మునిగిందో అందరికీ తెలుసు. పది నెలలు ఎండి ఉండే వంక, చూడ్డానికి చదునైన జాగాలా కనిపిస్తుంది. లేబర్ కాలనీని సరిగ్గా అక్కడే వేస్తారు. షెడ్లు వేయకముందే ఊరి పెద్దవాళ్లను "నీళ్లు ఎటు పారతాయి?" అని అడగండి.

హైవే పనుల్లో ఇక్కడ ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

ఉంది. తమిళనాడు నుంచి, మన పల్లెల నుంచి తిరుమలకు నడిచిపోయే భక్తులు. పెరటాసి నెలలో (సెప్టెంబర్–అక్టోబర్), బ్రహ్మోత్సవాలప్పుడు రాత్రంతా రోడ్డంచున నడుస్తారు. ఐఆర్‌సీ ఎస్‌పీ 55 (రోడ్డు పనుల దగ్గర ట్రాఫిక్ భద్రత మార్గదర్శకాలు) ప్రకారం బోర్డులు, కోన్లు పెట్టడంతో పాటు, నడిచేవాళ్లకు బారికేడ్‌తో విడి దారి, దానికి లైట్లు ఇవ్వాలి. తవ్విన అంచును రిబ్బన్‌తో వదిలేయడం నేరం కిందే లెక్క.

ఇంజినీర్ వినకపోతే పని ఆపే అధికారం ఉందా?

ప్రాణాపాయం కళ్లముందే ఉంటే ఎవరైనా ఆపవచ్చు, ఆపాలి. ఆ మాట మీ నియామక పత్రంలో రాయించుకోండి. మిగతా సందర్భాల్లో "ఇది తప్పు" అని వదిలేయకుండా ఏం చేయాలో కొలతతో చెప్పండి. "మేస్త్రీ అన్నా, ఆ మట్టి కుప్ప రెండు మీటర్లు వెనక్కి తీయించు, జేసీబీకి పది నిమిషాల పని, అయ్యాక మనుషుల్ని దించు" అంటే పని జరుగుతుంది. ఆయన గ్యాంగ్ ముందు అరిస్తే మీరు అటు తిరగ్గానే మొదటికొస్తుంది.

ఒకే తప్పు మూడోసారి కనిపిస్తే ఫోటో, చోటు, సమయంతో ప్రాజెక్టు మేనేజర్‌కు రాతపూర్వకంగా పంపండి. నెలకోసారి జరగాల్సిన సేఫ్టీ కమిటీ మినిట్స్‌లో అది ఎక్కేలా చూడండి.

పర్మిట్లు, చెక్‌లిస్టులు రాయడానికే రోజంతా పోతోంది, ఏం చేయాలి?

రాతపని తప్పదు గానీ, పర్మిట్‌ను (పని మొదలుపెట్టేందుకు ఇచ్చే రాత అనుమతి) గుంత దగ్గర నిలబడి సంతకం చేయండి. క్యాబిన్‌లో చేసిన సంతకం మిమ్మల్నే ముద్దాయిని చేస్తుంది.

ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలి?

కరెంటు, యంత్రాలు ఆపించి, రెండో ప్రమాదం లేదని చూసుకున్నాకే మనిషి దగ్గరికి వెళ్లాలి. 108కి ఏ గేటుకు రావాలో చెప్పి, అక్కడ ఒక మనిషిని నిలబెట్టండి. పెద్ద సైట్లలో అంబులెన్సు తప్పుడు గేటు దగ్గర తిరుగుతూ సమయం పోతుంది.

మరణం అయితే 4 గంటల్లో, 48 గంటలు, అంతకు మించి పనికి రాలేని గాయమైతే 72 గంటల్లో అధికారులకు సమాచారం వెళ్లాలని 1998 నిబంధనలు చెబుతున్నాయి. చోటును కడగనివ్వకండి, తాళ్లు, హుక్‌లు, జాకీలు కదిలించనివ్వకండి. నాలుగు దిక్కుల నుంచి ఫోటోలు తీసి, చూసినవాళ్లతో విడివిడిగా, వాళ్ల భాషలోనే మాట్లాడి ఆ రోజే రాసుకోండి. రాత్రి గడిస్తే లేబర్ కాలనీలో అందరి మాటా ఒకటైపోతుంది. గాయపడిన మనిషి ఊరి ఫోన్ నంబరు గేటు రిజిస్టర్‌లో ఉందో లేదో మాత్రం ప్రమాదం జరిగాక కాదు, ఇవాళే చూడండి.